అట లేని కబురు

కొత్తకోట దగ్గర జాతీయ రహదారి వదిలి పడమటికి తిరిగిన కాసేపటికి మాస్టారు కారు అద్దాలు దించమన్నారు. "జర చెవి పెట్టుండ్రి" అన్నారు. వినడానికి ఏమీ లేదు. చేలో పత్తి ఏరుతున్న ఆడవాళ్ల మాట ఒక ముక్క, ఎక్కడో బోరు మోటారు, ఆ తర్వాత ఏమీ లేదు. "అదే" అన్నారాయన. "ఏం లేకపోవుడు. దానికోసమే ఇంత దూరం వస్త."

నేను దివిసీమలో పుట్టినవాణ్ణి. మా వైపు నేల బల్లపరుపు. ఎత్తు అంటే కరకట్ట, లేదంటే తాటిచెట్టు. ఇక్కడ భూమి ఒక్కచోట కుదురుగా ఉండదు. ఎర్ర చెలక పైకి లేస్తుంది, పక్కనే నల్లరేగడి కిందికి దిగుతుంది, మధ్యలో గుండ్రాళ్లు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి, పడదామా వద్దా అని తేల్చుకోలేక నిలబడి ఉంటాయి. జూరాల కాలువ నీళ్లు అందిన చోట మాత్రం కోతకొచ్చిన వరి. ఆ పసుపు చూడగానే మా ఊరి ముక్క ఒకటి తెచ్చి ఇక్కడ అతికించినట్టనిపించింది. నిజానికి అక్కడా ఇక్కడా అదే కృష్ణ. సముద్రంలో కలిసే చోట పుట్టి, దాన్ని ఎగువన చూడటానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మాస్టారు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. పుట్టింది ఆత్మకూరు, ఉంటున్నది హైదరాబాదు. ముప్పై ఏళ్లకు పైగా హామ్ రేడియో లైసెన్సున్న మనిషి. మా వైపు అలవాటుకొద్దీ నేను మాస్టారూ అంటాను. ఇక్కడ ఆయన్ను అందరూ సార్ అంటారు. మొదటి రోజు సాయంత్రం నా మాస్టారూ వినబడ్డప్పుడల్లా చాయ్ దుకాణంలో వాళ్లు చిన్నగా నవ్వుకున్నారు. ఎగతాళి కాదు, మనవాణ్ణి ఇంకో ఊళ్లో ఇంకో పేరుతో పిలుస్తారా అన్న ముచ్చట.

హైదరాబాదు ఫ్లాటులో ఆయన రేడియో పెడితే వినబడేది దేశాలు కాదు, ఇరుగుపొరుగు. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు, లిఫ్టు మోటారు, అన్నీ కలిసి ఒకటే హోరు. ఆ హోరు కింద నలిగిపోయే సన్నని సంకేతాలను వెతుక్కుంటూ ఏడాదికోసారి, దీపావళి వెళ్లిన వారంలో, ఊరి బయట ఉన్న సొంత చేనుకు వస్తారు. 2024లో తోడు రమ్మన్నారు. నాకు లైసెన్సు లేదు. వినడం మాత్రం వచ్చు.

ఆత్మకూరు ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఒక మామూలు పట్టణం. బస్టాండు, ఎరువుల దుకాణాలు, సెల్‌ఫోన్ రీచార్జి బోర్డులు. కానీ ఒకప్పుడు అమరచింత సంస్థానానికి ఇదే రాజధాని. నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు పండితులను ఎలా ఆదరించాయో తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. గోదావరి వైపు నుంచి తిరుపతి వేంకట కవులు ఇంత దూరం వచ్చి ఇక్కడ అవధానాలు చేశారు. మాస్టారు ఆ సంగతి చెప్పి, "వాళ్లది కూడా వినే విద్యనే. రేపు పొద్దుగాల చూపిస్త" అన్నారు. ఏం చూపిస్తారో అప్పటికి నాకు అర్థం కాలేదు.

*

చేలో ఒక గది, ఒక వేపచెట్టు, నీళ్ల ట్యాంకు. చెట్టుకీ ట్యాంకుకీ మధ్య రాగి తీగ కట్టాం. రెండు రెక్కలు, ఒక్కొక్కటి పది మీటర్లు. ఏడు మెగాహెర్ట్జ్‌లకు సరిపోయే కొలత అది. మూడింతలైన ఇరవై ఒకటిలోనూ అదే తీగ పనిచేస్తుందని మాస్టారు చెప్పారు. కారు బ్యాటరీ లాంటిదొకటి, అరచేతి మందాన రేడియో రిగ్గు, మోర్సు కొట్టే ప్యాడిల్ ఒకటి, రెండు హెడ్‌ఫోన్లు. ఇంతే సంసారం.

చేను చూసుకునే అవ్వ జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు తెచ్చింది. పుంటికూరంటే మా గోంగూరే. పేరు మారేసరికి పులుపు కూడా కాస్త మారినట్టనిపించింది. మేం గోంగూరను నూనెలో ముంచి ఊరగాయ చేసి గొప్పలు పోతాం. ఇక్కడ దాన్ని పప్పులో కలిపి, పల్లీల పొడి చల్లి, రొట్టెతో రోజువారీ తిండి చేసుకున్నారు. అవ్వకు చెవులు సరిగా వినబడవు. ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా మాట్లాడాలి. అలా కూర్చుంటే ఆమె మనిషి మొహంలోకి చూసే తీరుకు, మనకే ఒక్క అనవసరపు మాటా అనబుద్ధి కాదు.

"గా డబ్బాల ఎవలతోని మాట్లాడుతుండ్రు సారూ?"

"ఇయ్యాల మాట్లాడుతలేం అవ్వా, ఇంటున్నం. ఫిన్లాండు."

"పూణె వస్తదా అండ్ల?"

కొడుకు పుణెలో కట్టడం పనిలో ఉన్నాడు. ఈ పాలమూరు ప్రాంతపు మనుషులు ఆనకట్టలకూ అపార్టుమెంట్లకూ దేశమంతా తిరిగారు. ఏ ఊళ్లోనైనా ఒక ఇంటికి ముంబయి, ఇంకో ఇంటికి పుణె బంధువులాంటివి. ఫోనుంది కదా అవ్వా అన్నాను. ఉందట. ఆమెకు వినబడదు కనుక పక్కింటి పిల్ల మాట్లాడి చెబుతుంది. "మంచిగున్నడంట" అంది అవ్వ, కొడుకు సంగతి చెబుతూ. ఆ 'అంట' దగ్గర ఆమె చూపు ఒక్క క్షణం రొట్టె మీదికి దిగింది.

చీకటి పడ్డాక మాస్టారు రిగ్గును 21.150 మెగాహెర్ట్జ్ మీద పెట్టారు. ప్రపంచంలో పద్దెనిమిది చోట్ల పద్దెనిమిది బీకన్లున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కొక్కటి పది సెకన్లు, మూడు నిమిషాలకు ఒక ఆవృతం. తన వంతు రాగానే బీకన్ మోర్సులో తన పేరు చెప్పి, నాలుగు పొడవాటి గీతలు వినిపిస్తుంది. మొదటి గీత వంద వాట్లు, రెండోది పది, మూడోది ఒకటి, నాలుగోది వాటులో పదో వంతు. ఎన్ని గీతలు వినబడితే ఆ దారి అంత తెరిచి ఉన్నట్టు.

కొలంబో వంతు అయింది, దక్షిణాఫ్రికా వచ్చి వెళ్లింది. ఫిన్లాండు వంతులో మొదటి గీత బల్లగుద్దినట్టు వినబడింది. రెండోది సన్నబడింది. మూడోది నేను విన్నానో, వినాలన్న కోరికతో ఊహించుకున్నానో తెలియలేదు. "నాకు మూడు" అన్నాను. మాస్టారు నా వంక చూసి, "విన్నరా, విన్నట్టు అనిపించిందా?" అని అడిగారు. లాగ్ పుస్తకంలో రెండు అని రాశారు.

ఆ ప్రశ్న నన్ను చాలాసేపు వదల్లేదు. బళ్లో, ఉద్యోగంలో, ఇంట్లో ఇన్నేళ్లలో ఎవరూ నన్ను ఇంత మర్యాదగా ఇంత కఠినంగా నిలదీయలేదు.

*

రాత్రి మంచాల మీద పడుకుని ఆయన స్పాట్‌ల సంగతి చెప్పారు. దూరదేశపు స్టేషను ఒకటి వినబడితే, విన్న హాము ఆ కబురు వెంటనే మిగతావాళ్లకు అందిస్తాడు. దాన్నే స్పాట్ అంటారు. అందులో ఐదే ముక్కలు. విన్నది ఎవరు, ఎవరిని విన్నారు, ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ సమయానికి, చివర చిన్న మాట. బలంగా ఉంది, వస్తూ పోతూ ఉంది, కాస్త పై ఫ్రీక్వెన్సీలో వింటున్నాడు, ఇలాంటిది. సమయం ఎవరి గడియారం ప్రకారమూ కాదు, అందరూ యూటీసీలోనే రాస్తారు. మనకంటే అయిదున్నర గంటలు వెనక.

ఒకప్పుడు ఈ కబుర్లు ఫోన్లలో నడిచేవి. ఒకడు ఇద్దరికి చేస్తే, ఆ ఇద్దరు నలుగురికి చేసేవాళ్లు. పోస్టులో బులెటిన్లూ వచ్చేవి. అవి చేతికందేసరికి ఏ దూరపు దీవికో రేడియోతో వెళ్లినవాళ్లు సామాను సర్దుకుని ఇంటికి వచ్చేసేవాళ్లు. 1980ల చివర్లో అమెరికాలో డిక్ న్యూవెల్ అనే హాము ప్యాకెట్‌క్లస్టర్ అని ఒక ప్రోగ్రాం రాశాడు. కంప్యూటర్లను రేడియోతోనే ఒకదానికొకటి ముడివేసి, ఒకచోట కొట్టిన కబురు అన్ని చోట్లా తెర మీదికి వచ్చేలా చేశాడు. తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. ఊళ్లను కలిపిన ముడులు ఖండాలను కలిపాయి. ఇప్పుడు ఆత్మకూరు చేలో విన్నది రెండు మూడు సెకన్లలో ఒసాకాలో కనబడుతుంది.

"తప్పు రాస్తే?" అన్నాను.

"ఒక్క అక్షరం తప్పు పడ్డదనుకో, వంద మంది గదే తప్పు రాసుకుంటరు. చెవితోని విన్నది పక్కకు పెట్టి తెరమీద కనబడ్డదే విన్నమనుకుంటరు. అందుకే నియమం ఒక్కటే. వాడు తన పేరు తాను చెప్పంగ నువ్వు విన్నవా? వింటే రాయి. ఎవడో వాడిని గా పేరుతోని పిలిచిండని రాయకు."

నిద్ర పట్టేదాకా నాకు తెలుగు వ్యాకరణం గుర్తొస్తూనే ఉంది. మన భాషలో ఈ నియమానికి ఒక ప్రత్యయమే ఉంది. కళ్లారా చూస్తే 'వచ్చాడు'. ఎవరో చెబితే 'వచ్చాడట'. ఆ చిన్న 'అట' ఒక కంచె. ఇవతల నా పూచీ, అవతల నాది కాదు. మా వైపు అది 'అంట', ఇక్కడా 'అంట'. స్పాట్ అంటే అట లేని కబురు. విన్నవాడు తన పేరు ముందు పెట్టి చెప్పే మాట.

*

మాస్టారు అయిదింటికే లేపారు. చలి. వేపచెట్టు కింద మంచు పడుతున్న చప్పుడు వినబడేంత నిశ్శబ్దం. రేడియో ఏడు మెగాహెర్ట్జ్‌ల దగ్గర, మోర్సు నడిచే కొసలో ఉంది.

ఆ వేళ ఎందుకో ఆయన ముందే చెప్పారు. పగలు అయనోస్ఫియర్‌లో కింది పొర ఒకటి తయారై ఈ తరంగాలను మింగేస్తుంది. రాత్రి అది కరిగిపోతే, పైనున్న పొర వాటిని దూరంగా వంచి పంపుతుంది. తెల్లారుతున్నప్పుడు కింది పొర ఇంకా కట్టుకోదు. చీకటి అంచు వెంబడి కొద్ది నిమిషాలు ఒక దారి పడుతుంది. అవతల భూమికి అటువైపు రాత్రి మొదలై కొన్ని గంటలయిన చోట ఎవరైనా కీ మీద చెయ్యి వేసి ఉంటే, ఆ దారిన ఇక్కడికి చేరతారు. పైగా సూర్యుడు తన ఇరవై అయిదో చక్రంలో గరిష్ఠ దశకు చేరాడని ఆ అక్టోబరులోనే నాసా, నోవా ప్రకటించాయి. ఆకాశం మంచి ఊపు మీద ఉన్న ఏడాది.

ఆరుకు కాస్త ముందు వినబడింది. వెంట్రుక లాంటి స్వరం. మాస్టారి పెన్సిలు కదిలింది, ఆగింది. ఒక అక్షరం దగ్గర చుక్క పెట్టారు. మళ్లీ వచ్చేదాకా ఆగారు. రెండోసారి ఆ చుక్క స్థానంలో అక్షరం పడింది. కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి. పద్నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే.

ఆయన మూడుసార్లు పిలిచారు. మూడోసారి అటునుంచి ఒక ప్రశ్నార్థకం వచ్చింది. ఎవరో ఉన్నారని తెలిసింది, ఎవరో తెలియలేదు. తూర్పున గుట్ట అంచు తేటపడుతోంది. ఇంకో పది నిమిషాల్లో ఆ దారి మూసుకుపోతుంది. నాలుగోసారి పిలుస్తారనుకున్నాను. ఆయన ప్యాడిల్ వదిలి, ఫోను తీసి, స్పాట్ కొట్టారు. చివరి మాటగా 'బలహీనం, కానీ స్పష్టం' అని పెట్టారు.

నిమిషం తిరగకుండానే ఆ ఫ్రీక్వెన్సీ మీద జాతర మొదలైంది. బెంగళూరు, జపాను, రష్యా, ఇంకా గుర్తుపట్టలేనన్ని. వంద మంది ఒకేసారి తమ పేర్లు కొడుతున్నారు. ఆ గందరగోళాన్ని పైలప్ అంటారు. అటువైపు దీవిలో ఉన్న మనిషి తొణక్కుండా, ఆ రొదలోంచి రెండక్షరాలు పట్టి, ఆ రెండక్షరాలవాణ్ణి మాత్రం పిలిచి, జవాబిచ్చి, ఇంకొకడి తోకను పట్టుకుంటున్నాడు. అప్పుడు నాకు మాస్టారి ముందురోజు మాట వెలిగింది. ఇది అవధానమే. చుట్టూ పృచ్ఛకులు, ఎవరి సమస్య వాళ్లది, మధ్యలో గంటలు కొట్టేవాళ్లు. ఒక్కడు అందరినీ విని, ఎవరిది ఎక్కడ ఆగిందో మనసులో పెట్టుకుని, ఒక్కొక్కరికి బాకీ తీరుస్తాడు. ఈ ఊరి సంస్థానం సభలో ఒకప్పుడు పద్యంతో జరిగిన పని, ఇప్పుడు చుక్కలతో గీతలతో ఆకాశంలో జరుగుతోంది.

"మీకింకా దొరకలేదుగా మాస్టారూ. చెప్పకుండా ఉంటే దొరికేవాడేమో."

"దొరుకుతుండెనేమో" అన్నారు, హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకుంటూ. "చాలామంది ముందు తాము పట్టుకుని తర్వాత చెప్తరు. నేను గూడ గట్లనే చేసేటోణ్ణి. తప్పేం కాదు. కానీ నాకు దొరకకుంటేంది, వాడు గాడ ఉన్నది నిజం గద. నిజాన్ని జేబుల పెట్టుకుని కూసుంటే సూర్యుడొచ్చి తీస్కపోతడు."

సూర్యుడు నిజంగానే వచ్చాడు. ఆరున్నర దాటేసరికి దీవి లేదు, దారి లేదు. గుట్ట మీద వెలుగు మాత్రం ఉంది.

*

పగలు జూరాల చూడటానికి వెళ్లాం. ఆత్మకూరు నుంచి నందిమల్ల మీదుగా వెళ్తే ఆనకట్ట మీది వంతెన గద్వాల వైపు దాటిస్తుంది. గేట్లు దించి ఉన్నాయి. ఎగువన నీళ్లు కదలకుండా పరుచుకుని, అంచున గడ్డిలో కొంగలు. మా దివిసీమ కృష్ణ గట్టుకూ సముద్రానికీ మధ్య ఇరుకున పడి ఉప్పుబారిన నది. ఇక్కడ అదే నది ఇంకా తీరిగ్గా ఉంది.

జూరాల అంటే చేపల వేపుడు. రోడ్డు పక్క పొయ్యిల మీద వెడల్పాటి మూకుళ్లు, కారం పట్టించిన రవ్వ ముక్కలు. మా వైపు చేప అంటే పులుసు. చింతపండులో ఒక రాత్రి ఊరితే తప్ప తినం. ఇక్కడ నదిలోంచి వచ్చిన చేప గంటలో మూకుట్లోకి వెళ్తుంది. నీటి పక్కన కూర్చుని తినేటప్పుడు పులుసు దాకా ఆగడం ఎందుకో, నిజమే.

దుకాణం ముందు పుట్టి బోర్లించి ఉంది. గుండ్రటి బుట్ట పడవ. ఆ పుట్టి మనిషి చేయి కడుక్కుని మా పక్కన కూర్చున్నాడు. వానాకాలంలో నీళ్లొచ్చేది ఎట్లా తెలుస్తుందని అడిగాను.

"టీవీల చెప్తరు, ఆల్మట్టి ఇడిసిండ్రు, నారాయణపూర్ ఇడిసిండ్రు అని. గది పెద్ద లెక్క. మాకు మా లెక్క ఉంటది. భీమ కలిసే కాడ మావోడొకడు ఉంటడు. నీళ్లు ఎర్రగైనయా, కట్టెలు కొట్టుకొస్తున్నయా, ఫోన్ చేస్తడు. ఇడిసిండ్రంట అంటే మేం పుట్టి తియ్యం. 'నేను సూస్తున్న' అంటెనే తీస్తం."

మాస్టారు నా వైపు చూడలేదు. చూడనవసరం లేదని ఆయనకు తెలుసు.

2009 అక్టోబరు మొదట్లో ఇదే కృష్ణ, దాని ఉపనది తుంగభద్ర పొంగి కర్నూలునూ అలంపూర్‌నూ ముంచాయి. ఆ రోజుల సంగతి పుట్టి మనిషి చెబుతుంటే నాకు మా అమ్మ చెప్పే 1977 నవంబరు 19 గుర్తొచ్చింది. దివిసీమ ఉప్పెన. పదివేల మందికి పైగా పోయారు. అమ్మ ఆ రాత్రి డాబా ఇంటి మెట్ల మీద బతికింది. వార్త లేక కాదు, అంటుంది ఆమె. తుఫానంట అన్నారు. గాలి పెద్దదంట అన్నారు. మధ్యాహ్నం దాకా అందరి నోటా అదే మాట. "అంట అన్నమాటకి ఎవరు గొడ్డూ గోదా వదిలి కదులుతార్రా? సముద్రాన్ని చూసొచ్చి చెప్పినోడు ఒక్కడు ఉంటే కదిలేవాళ్లం." చిన్నప్పటి నుంచి వింటున్న వాక్యమే. జూరాల గట్టున చేప ముల్లు తీస్తుంటే దాని బరువు మొదటిసారి తెలిసింది.

తిరుగు దారిలో మాస్టారు ఇంకో సముద్రం కథ చెప్పారు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్లింది. అక్కడ హామ్ రేడియో మోగి పదిహేడేళ్లు. ప్రపంచమంతా కాచుకుని ఉన్న స్టేషను అది. డిసెంబరు మొదట్లో ఆమె గాలిలోకి రాగానే క్లస్టర్ల నిండా ఆమె పిలుపు పేరే. మూడు వారాలు వేల మంది ఆమె కోసం ఎగబడ్డారు, లాగ్ పుస్తకంలో ఒక గీత గీసుకుని మురిసిపోయారు. డిసెంబరు 26 తెల్లవారి భూమి కంపించింది. తర్వాత సునామీ. ఫోన్లు పోయాయి. ఆట కోసం పెట్టిన ఆ రేడియో, ఆ యాంటెన్నా పోర్ట్‌బ్లెయిర్ మాట బయటికి తెచ్చే సాధనాలయ్యాయి. తర్వాత కార్ నికోబార్ నుంచి కూడా హాములు జాడ తెలియని వాళ్ల వివరాలు అందించారు. అంతదాకా ఆమెను పట్టుకోవడానికి అరిచిన వేల గొంతులు, ఆ ఫ్రీక్వెన్సీ వదిలి మౌనంగా వినడం మొదలుపెట్టాయి.

"మేం దూరం స్టేషన్ల వెంట పడేది చూసి నవ్వుతరు" అన్నారు మాస్టారు. "ఏమొస్తది అంటరు. ఏం రాదు. కానీ ఎక్కడ ఎవడున్నడో విని సరిగ్గ చెప్పే అలవాటు రోజూ ఆటల చేసుకుంటనే, ఆపద నాడు చేతికొస్తది."

*

ఆ సాయంత్రం ఆత్మకూరు వీధుల్లో డప్పులు మోగాయి. కురుమూర్తి స్వామి నగలు బయల్దేరే రోజు. బ్యాంకులో భద్రపరిచిన ఆభరణాలు ఈ ఊరి నుంచే ఊరేగింపుగా, స్వామి జాతర జరిగే గుట్టకు వెళ్తాయి. ఆ జాతరలో ఇంకో విశేషం, స్వామి పాదరక్షలు. దళితులు భక్తితో కుట్టిన ఆ ఉద్దాలను జనం నెత్తిన తాకించుకుంటారు. "నగలు వస్తున్నయంట" అంటూ పిల్లలు మమ్మల్ని తోసుకుని పరిగెత్తారు. ఎవరూ చూడలేదు, అందరూ నమ్మారు, నమ్మినట్టే మలుపు తిరిగి వచ్చాయి. అంట అన్నదాన్ని అంత చిన్నచూపు చూడనక్కరలేదని అప్పుడనిపించింది. పండగ నడిచేది దాని మీదే. వరద మాత్రం దాని మీద ఆగదు.

రాత్రి మాస్టారు అయిదు వాట్లకు తగ్గించి సీక్యూ, అంటే ఎవరైనా వింటున్నారా అని, పిలిచారు. సైకిలు డైనమో లైటు పాటి శక్తి. 2008 నుంచి నడుస్తున్న రివర్స్ బీకన్ నెట్‌వర్క్ ఉంది. ఎక్కడెక్కడో ఔత్సాహికులు పెట్టిన రిసీవర్లు పగలూ రాత్రీ మోర్సు వింటూ, ఎవరి పిలుపు ఎంత బలంగా అందిందో యంత్రాలే రాస్తుంటాయి. ఇరవై సెకన్లలో యూరపు నుంచి ఒక వరుస పడింది. ఎవరూ జవాబివ్వలేదు. మేం ఉన్నామని మాత్రం ఒక యంత్రం నమోదు చేసింది. ఆ రాత్రికి అది చాలనిపించింది.

తర్వాత ఒకాయన దొరికాడు. వేల కిలోమీటర్ల అవతలి మనిషి. మాస్టారు ఆయనకు '599' అని రిపోర్టు ఇచ్చారు, ఆయనా అదే ఇచ్చాడు. అంటే ఇంతకంటే బాగా వినబడటం కుదరదని. ఆ సంకేతం నాకు గొణుగుడుగా వినబడుతుంటే!

"అది మర్యాద" అన్నారు మాస్టారు నవ్వి. "ఎదురుపడ్డోడికి అందరూ గదే ఇస్తరు. ఎట్లున్నవంటే మంచిగున్న అంటం గద. అసలు సంగతి స్పాట్‌ల రాస్తం. ఎదురుంగ 599, పక్కోడికి మాత్రం 'బలహీనం'."

మంచిగున్న. ఆ మాట వినగానే నాకు రొట్టె మీదికి దిగిన అవ్వ చూపు గుర్తొచ్చింది. ఆమె కొడుకు ఏళ్ల తరబడి ఇస్తున్నది 599. అది కూడా అంట తగిలించి చేరుతోంది.

*

మూడో రోజు పొద్దున తీగ దించి చుట్టలు చుడుతుంటే అవ్వ ఫోను పట్టుకుని వచ్చింది. పక్కింటి పిల్ల బడికి పోయింది. "జర ఇను కొడుకా, మావోడు చేసిండు" అంది, ఫోను నా చేతిలో పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుని నా పెదాల వంక చూస్తూ.

విన్నాను. అటువైపు మనిషి, "మంచిగున్న అని చెప్పు సార్" అన్నాడు. ఇంకొన్ని మాటలు అన్నాడు. ఒక్క నిమిషం కూడా లేదు. నేను ఫోను చెవి నుంచి తీయలేదు. లాగ్ పుస్తకం ముందు కూర్చున్నట్టే, చెప్పమన్నది పక్కన పెట్టి విన్నది మాత్రం ఒక్కొక్కటే చెప్పాను.

"వెనకాల కంకర కలిపే మిషన్ తిరుగుతోంది అవ్వా. పనిలో ఉన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. రెండుసార్లు దగ్గాడు. నువ్వు పొద్దున రొట్టె తింటున్నావా అని అడిగాడు. చివర్న నవ్వాడు."

ఆమె కదల్లేదు. నా నోటి మీది నుంచి చూపు తీయకుండా ఇంకా ఏమైనా ఉందేమోనని ఆగింది. ఇంకేమీ లేదని తెలిశాక చెయ్యి చాపి ఫోను తీసుకుంది. వినబడని చెవికి గట్టిగా ఆనించుకుని, పుణె దాకా వినబడేంత గొంతుతో అంది.

"దగ్గుకు మందేస్కో బిడ్డా."